గాజులు చెక్కని చెయ్యి

సదాశివరావు రాత సదాశివరావుకే అర్థం కాదు. ఆఫీసులో ఆయన నోటింగులు టైపు చెయ్యడానికి ఒక మనిషి ఉన్నాడు కాబట్టి కేంద్ర ప్రభుత్వం ఎలాగో నడిచిపోతోంది. ఇంట్లో ఆ మనిషి సుభద్ర. ఫిబ్రవరి నెల, ఆదివారం పొద్దున్న. భోజనాల బల్ల మీద మూడు కిలోల బఠాణీ కాయలు పోసుకుని ఆమె ఒలుస్తుంటే, ఆయన వచ్చి కాయల్ని మోచేత్తో పక్కకి నెట్టి, ఆ ఖాళీలో ఆరు కాగితాలు పెట్టాడు.

"ఫెయిర్ కాపీ చేసి పెట్టు. సంఘం నుంచి నాగభూషణం గారు దీనికోసం అయిదింటికి వస్తారు. ఉగాది సావనీరులో మొదటి వ్యాసం నాదేనట," అన్నాడు.

ఇదేం కొత్త కాదు. ఎనిమిదేళ్ళుగా ఢిల్లీ జనక్‌పురి తెలుగువాళ్ళ సంఘం సావనీరులో ఆయన యాత్రా వ్యాసం లేకుండా ఉగాది రాలేదు. అన్నిటికీ ఫెయిర్ కాపీ ఆమెదే. మధ్యలో తెగిపోయిన వాక్యాలు అతికేది, గుళ్ళ పేర్లు సరిచూసేది కూడా ఆమే. "మా ఆవిడ అక్షరాలు ముత్యాలండీ" అని ఆయన నలుగురిలో మెచ్చుకుంటాడు. ముత్యాలని మెచ్చుకునేవాళ్ళు మరో ఆరు కాగితాలు తేకుండా ఉండరని సుభద్రకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. అయినా ఏ రోజూ కాదనలేదు. ఇవాళ మాత్రం కాగితాల కేసి చూస్తూ బఠాణీలు ఒలుస్తూ ఉండిపోయింది. కిందటి ఆదివారం నుంచి ఆమె మనసు మనసులో లేదు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు వీళ్ళ యాత్రల గురించి చెప్పాలి. నాలుగేళ్ళకోసారి దేశం చూసి రండని ప్రభుత్వం తన ఉద్యోగులకి ఎల్‌టీసీ ఇస్తుంది. సదాశివరావు ఒక్కటీ వదల్లేదు. మధ్యలో చేతి డబ్బు పెట్టుకుని తిరిగినవి వేరే. యాత్ర అంటే సుభద్రకి తెలిసినంతలో వంటింటిని సంచుల్లో మూటకట్టుకుని తిరగడం. కరెంటు స్టవ్వు, కందిపొడి సీసా, పెరుగు తోడు పెట్టే స్టీలు డబ్బా. ఎక్కడ దిగినా ముందు ఆమె కళ్ళు వెతికేది కుళాయిని. గుడికి చేరాక ఆయన గైడు పుస్తకం పట్టుకుని తల పైకెత్తి ప్రదక్షిణం మొదలుపెట్టేవాడు. ఆమె గుడి అరుగు మీద కూర్చుని కూతురు సాత్వికకి అన్నం పెట్టేది. అందుకని ఆయనకి తెలిసిన శిల్పమంతా పైనుండేది. కూర్చుంటే కళ్ళకి ఎదురుగా వచ్చేదే సుభద్రకి తెలిసింది. కింది వరసలో ఏనుగులు, వాటిమీద లతలు, ఆ మీద హంసలు. ఏ ఏనుగు ముందరి ఏనుగు తోక లాగుతోందో, తీగ మలుపులో ఉలి జారిన చోటుని శిల్పి ఎలా మొగ్గగా మార్చి సర్దుకున్నాడో ఆమె చెప్పగలదు. అదీ ఒక చూడటమేనని ఆమెకి ఏనాడూ తోచలేదు. పిల్ల నోరు తెరిపించడానికి పనికొచ్చే సరంజామా అనుకుందంతే.

కిందటి ఆదివారం సంఘంవాళ్ళు కమ్యూనిటీ హాల్లో ఆయన చేత ప్రసంగం చేయించారు. విషయం, శిల్పంలో స్త్రీ. కార్యదర్శి భార్య కమల మూడు రోజుల ముందే ఫోను చేసి, మాట్లాడేది మీవారే కదా, టిఫిను కూడా మీరే చేస్తే బాగుంటుంది సుభద్ర గారూ అంది. ఆయన మాటకీ ఈమె కేసరికీ ఏం చుట్టరికమో ఎవరికీ తెలీదు. ఎనభైమందికి రవ్వకేసరి చేసి, గిన్నె పక్కన గరిటె పట్టుకుని సుభద్ర హాలు చివర నిలబడింది. ముందు పెద్ద పెద్ద గుళ్ళ బొమ్మలు తెరమీద పడ్డాయి. తర్వాత ఒక చిన్న గుడి ద్వారం వచ్చింది. పదేళ్ళ కిందట బేలూరు చూసి వస్తుంటే బస్సు టైరు పంక్చరయిందనీ, అక్కడ రోడ్డు పక్కన పేరూ ఊరూ లేని ఈ గుడి కనబడిందనీ ఆయన చెప్పాడు.

ద్వారం పక్కన ఒక రాతి పడుచు. మెడనిండా హారాలు, నడుముకి మువ్వల వడ్డాణం, కాళ్ళకి అందెలు. కుడిచేతికి మోచేతి దాకా గాజులు, ఒక్కొక్క గాజుకీ ఒక్కొక్క నగిషీ. ఎడమ చెయ్యి మాత్రం నున్నగా ఉత్త రాయి. సదాశివరావు గొంతు తగ్గించాడు.

"శిల్పి ఆమెని అడిగాడట, ఎడమచేతికి ఏ రకం గాజులు చెక్కనమ్మా అని. ఆమె అందట, 'ఈ చేతికి వద్దు నాయనా. ఒక్క చెయ్యి నాకు వదిలెయ్యి. నాకు పనుంది.' ఆ మాటకి శిల్పి ఉలి కింద పెట్టేశాడట."

హాలు చప్పట్లతో మోగింది. కమల కొంగుతో కళ్ళద్దుకుంది. సుభద్ర చేతిలో గరిటె కేసరిలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమెది. ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఆమెది. ఆ అరుగు మీద కూర్చుని, ఆ చేతికి గాజుల్లేవేంటమ్మా అని నాలుగేళ్ళ పిల్ల అడిగితే, ముద్ద ముద్దకీ ఒక్కో మాట చొప్పున అల్లిన కథ. ఏం పనుంది అని పిల్ల అడిగింది కూడా. ఈ ముద్ద తింటే చెబుతుందిట అంది సుభద్ర. ఇంతలో బస్సు హారన్ మోగింది.

ముందు వరసలోంచి వీరరాఘవులు గారు లేచారు. పురావస్తు శాఖలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. ఇలాంటి ఐతిహ్యం తానెక్కడా చదవలేదనీ, రాసి పెట్టుకుంటాననీ చెప్పి, "మీకిది ఎవరు చెప్పారండీ?" అని అడిగారు.

"అక్కడి పూజారి గారి భార్య చెప్పారండీ," అన్నాడు సదాశివరావు. "పేరు అడగలేదు."

పెద్దాయన అదే రాసుకున్నారు కాబోలు. అందరూ టిఫినుకి లేచారు. కేసరి చాలా బాగుందన్నారు.

రిక్షాలో ఇంటికి వస్తూ సుభద్ర మెల్లగా అడిగింది, ఆ గుడిలో పూజారి ఎక్కడున్నాడండీ, తాళం వేసి ఉంది కదా అని.

"తాళమా?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "మరి చెప్పిందెవరు? ఎవరో ఆడమనిషే. గొంతు కూడా గుర్తుంది నాకు. నెమ్మదిగా, ఊరిస్తూ చెప్పింది." రిక్షావాడి వైపు వంగి, "భయ్యా, బాయే, బాయే," అన్నాడు.

రిక్షా ఎడమవైపు తిరిగింది. సుభద్ర ఆయన మొహంలో దొంగచూపు కోసం వెతికింది. లేదు. ఉంటే బాగుండేది, ఎలా కోపం తెచ్చుకోవాలో తెలిసేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చేశాడనుకుందామంటే, అది అత్త సొమ్మని తెలిసి చేసిన మొహం కాదది.

ఇంటికొచ్చాక కూతుర్ని అడిగింది, బేలూరు దారిలో గాజుల్లేని బొమ్మ కథ చెప్పాను గుర్తుందా అని. సాత్విక పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "మమ్మీ, మై చార్ సాల్ కీ థీ. ముఝే క్యా యాద్ హోగా?" అంది. నాలుగేళ్ళప్పటిది ఏం గుర్తుంటుంది, అదీ నిజమే. తిన్న పిల్లకి గుర్తులేదు, విన్న మొగుడికి మనిషి గుర్తులేదు. ఇక మిగిలింది తనొక్కతే. మంగళవారానికల్లా ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగా ఎవరో ఒక ఆడమనిషి వచ్చి చెప్పిందేమో, తనే విని తనదనుకుంటోందేమో. ఆ అనుమానంలో పప్పు మాడ్చింది. పాలు పొంగించింది. "ఏమయింది నీకీమధ్య," అని ఆయన ఒక రవ్వ విసుక్కున్నాడు కూడా.

బుధవారం అందరూ వెళ్ళాక బీరువా పైనుంచి పాత ఆల్బం దింపింది. తెరమీద చూపించడానికి ఫోటోని అంచులు కత్తిరించారు గానీ, ఆల్బంలో అది మొత్తం ఉంది. గుడి తలుపుకి పిడికిలంత తాళం. ద్వారం పక్కన రాతి పడుచు. కింద కుడి మూలన, పెరుగన్నం గిన్నె పట్టుకున్న ఒక చెయ్యి, దాని పక్కన తెరుచుకున్న చిన్న నోరు. ఆ చేతికి గాజుల్లేవు.

ఎందుకుంటాయి? గిన్నెలు తోమినా, పిండి కలిపినా ఆమె గాజులు తీసి వంటింటి కిటికీలో పెట్టేది. అత్తగారు అన్నపూర్ణేశ్వరి ఢిల్లీ వచ్చిన ప్రతిసారీ అదే గొడవ. "అమ్మాయ్, బోసి చేతుల్తో వడ్డించకు, ఇంటికి అరిష్టం," అనేది. ఈయన పేపర్లోంచే, "అమ్మ చెబుతోంది కదా, వేసుకో, ఏం పోయింది?" అనేవాడు. ఏం పోయిందో ఆమెకీ తెలిసేది కాదు. వేసుకునేది, చెయ్యి కడుక్కునేటప్పుడు మళ్ళీ తీసేది. ఆ మాటలకి చెప్పని జవాబు ఎక్కడో కర్ణాటక రోడ్డు పక్కన రాతి పడుచు నోట పెట్టానని ఆ ఫోటో చూసేదాకా ఆమెకి తట్టలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

అసలు తనకి ఏం కావాలి? అదే తేలలేదు. పందొమ్మిదేళ్ళ కాపురంలో నా మాట ఎప్పుడు విన్నారని ఎన్నిసార్లు దెప్పిందో. తీరా చూస్తే విన్నాడు. అక్షరం పోకుండా విని, పదేళ్ళు దాచుకుని, ఎనభైమంది ముందు గొంతు తగ్గించి చెప్పాడు. అంత శ్రద్ధగా ఆమె మాట ప్రపంచంలో ఇంకెవరూ వినలేదు. సంతోషించాలా? మాట అంత గుర్తుండి మనిషి గుర్తులేకపోవడం ఎలా కుదురుతుంది? పోనీ నాదని చెబుదామా అంటే, చెప్పగానే అది ఐతిహ్యం కాకుండా పోతుంది. ఆడదెవరో పిల్లకి అన్నం పెడుతూ చెప్పిన కబుర్లంటారు. కమల తుడుచుకున్న కన్నీళ్ళు కమలకే సిగ్గనిపిస్తాయి. ఆయన పదిమందిలో పలచనవుతాడు. చెప్పకపోతే, వీరరాఘవులు గారి పుస్తకంలో ఒక అబద్ధం నిజమై కూర్చుంటుంది, దాని పక్కన పేరు తెలియని పూజారి భార్య ఒకావిడ కూర్చుంటుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. వారమంతా సుభద్ర ఆ రెంటి మధ్యా వంట చేసింది.

బఠాణీలు ఒలవడం సగంలో ఆపి, చెయ్యి తుడుచుకుని కలం తీసుకుంది. మొదటి కాగితం అలవాటుగా సాగింది. రెండు, మూడు కూడా. నాలుగో దాంట్లో ఆ గుడి వచ్చింది. తాళం సంగతి ఆమె అన్నాక ఆయన పూజారి భార్యని కొట్టేశాడు. ఆ స్థానంలో రాసింది ఇది: 'ఈ ఐతిహ్యాన్ని అక్కడి ఒక గ్రామీణ స్త్రీ నోట విన్నాను. ఆమె పేరు అడగాలని తోచలేదు.' సుభద్రకి నవ్వొచ్చింది. తను చెప్పిన తాళం కూడా ఆయన వ్యాసానికే పనికొచ్చింది.

ఆ రెండు వాక్యాలూ వదిలేసి, అదే ముత్యాల రాతతో ఇలా రాసింది: 'గుడికి తాళం వేసి ఉంది. దగ్గర్లో ఎవరూ లేరు. ఈ కథ అక్కడి ఐతిహ్యం కాదు. మా అమ్మాయికి పెరుగన్నం తినిపిస్తూ నా భార్య సుభద్ర అప్పటికప్పుడు కల్పించింది. నేను పక్కన నిలబడి విన్నాను.' చివరి వాక్యం ఒకటికి రెండుసార్లు చదువుకుంది. విన్నందుకు ఆయనకి రావలసింది కూడా అందులో ఉంది.

నాలుగున్నరకి కాగితాలూ, వాటిమీద ఫోటో పెట్టి ఆయనకిచ్చింది. వచ్చి మళ్ళీ బఠాణీల ముందు కూర్చుంది. సదాశివరావు చదువుతూ చదువుతూ ఆగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఫోటో తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"తాళం ఉంది, నిజమే," అన్నాడు. తర్వాత చాలాసేపు ఆ మూలనున్న చేతిని చూశాడు. అక్కడినుంచి చూపు బల్లమీదికి, కాయలు ఒలుస్తున్న చేతుల మీదికి వచ్చింది.

"నువ్వా?"

"నేనే."

ఆయన మొహంలో ఏదో కదిలింది. కదిలి సర్దుకుంది. ఆఫీసులో ఫైలు వెనక్కి పంపేటప్పుడు వాడే గొంతు వచ్చింది.

"బాగానే ఉంది గానీ సుభద్రా, ఇలా వేస్తే నవ్వుతారు. ఐతిహ్యమంటే దానికో గౌరవం ఉంది. పెరుగన్నం కథంటే ఏముంటుంది చెప్పు?"

వారం నుంచి తనని తాను అడుగుతున్న ప్రశ్నే అది. ఆయన నోట వింటే అదంత కష్టమైన ప్రశ్నలా లేదు.

"అయితే నా పేరు కొట్టేయండి," అంది. "దాంతోపాటు కథ కూడా కొట్టేయండి."

"కథ కొట్టేస్తే వ్యాసంలో ఇంకేం మిగుల్తుంది?"

వీధి తలుపు గంట మోగింది. నాగభూషణం గారు అయిదంటే అయిదు. సుభద్ర తలుపు తియ్యడానికి లేవలేదు. మరో కాయ తీసి ఒలిచింది.

"బస్సు టైరు పంక్చరయింది కదండీ," అంది. "అది మీరు చూసిందే."