కుడిచేతికి ఆదోని

నా కుడిచేతికి ఆదోని బదిలీ అయింది. మిగతా ఒంటికి కాలేదు. నేను కాకినాడలోనే ఉండాలి.

"అదెలా కుదురుతుందండీ?" అని మా సూపరింటెండెంటు సత్తిరాజు గారిని అడుగుతాను. ఆయన ఎడమచేత్తో టీ తాగుతున్నారు.

"మీరు మధ్యమధ్యలో సెలవులు పెట్టారు కదండీ. చెయ్యి పెట్టలేదు. ఇంటికెళ్ళి కూడా ఫైళ్ళు రాసిందాయె. అందుకని ఈ ఊళ్ళో దాని సర్వీసు ముందు పూర్తయిపోయింది. రూలంటే రూలే మరి."



మధ్యాహ్నం సెండాఫ్. చేతికి చిన్న దండ వేసి, శాలువా కప్పి, ముందు మిక్చరు పొట్లం పెడతారు. ఒంటిచెయ్యి నమస్కారం పెట్టలేదు కనక అది బల్లమీద కాసేపు వెల్లకిలా పడుకుని, తరవాత లేచి వేళ్ళమీద నడుచుకుంటూ బస్టాండుకి వెళ్ళిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. నాకు ఏడుపొస్తుంది. ఆ మిక్చరు ఎడమచేత్తో నేనే తింటాను. బాగానే ఉంది.

ఇంట్లో మా ఆవిడ హైమ నా ఖాళీ చొక్కాచెయ్యి చూసి కూలబడిపోతుంది.

"ఎవర్నడిగి పంపించారండీ? పెళ్ళిలో నన్ను పట్టుకున్నది ఆ చెయ్యే కదా! శుక్రవారం పిల్లకి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. ఇప్పుడు దాని చెయ్యి పట్టుకుని ఎవరు దిద్దిస్తారు?"

పిల్లంటే మా తన్మయి. నెల్లాళ్ళుగా రోజూ సాయంత్రం నా ఒళ్ళో కూర్చుని, తన చెయ్యి నా గుప్పిట్లో పెట్టి, "నాన్నా, బియ్యంలో రాద్దామా?" అంటోంది. శుక్రవారం రాద్దామని మాటిచ్చాను. ఇవాళ కూడా వచ్చి కూర్చుని, నా చొక్కాచేతిలో చెయ్యి దూర్చి వెతుకుతుంది.

"ఇంకా లోపలుంది నాన్నా. రేపు వస్తుందిలే" అని నన్ను ఓదారుస్తుంది.

మర్నాడు సత్తిరాజు గారి దగ్గర నిలబడి, నా చేతికి ఒక్కరోజు సెలవు కావాలంటాను.

"అయ్యో, భేషుగ్గా ఇస్తామండి. అప్లికేషన్ మీద సంతకం మాత్రం కుడిచెయ్యే పెట్టాలి."

"అది ఆదోనిలో ఉందండీ."

"సెలవిస్తే వచ్చి పెట్టేస్తుంది కదండీ."

ఆదోని ఆఫీసుకి ఫోన్ చేస్తాను. అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదస్తుడు.

"చేయి ఈడే ఉండాది సార్. బాగా పని చేస్తాంది. దాని మనిషి వచ్చి అడిగితే ఇచ్చి పంపిస్తాం."

"నేనేనండీ దాని మనిషిని."

"మీరు కాకినాడ ఆఫీసు మనిషి గదా సార్" అంటాడు, నొచ్చుకోకుండా.

పోనీ నేనే వెళదామంటే ఊరు దాటడానికి అనుమతి కావాలి. అనుమతికి సంతకం కావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి పాపం మంచివాడే. సత్తిరాజు గారి కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతున్నాయి.

"పసిపిల్ల పనండీ, నేను చూస్తూ ఊరుకుంటానా? మీకు బదులు చెయ్యి వేయిస్తాను" అంటారు.

శుక్రవారం పొద్దున్నే బదులు చెయ్యి వస్తుంది. ఎవరిదో తెలియదు. నడివేలికి సిరా మరక, ఉంగరం తీసిన గుర్తు. అమృతాంజనం వాసనేస్తోంది. చెప్పులు విప్పే పని లేదు కనక తిన్నగా లోపలికొచ్చి, నా చొక్కాచేతిలో దూరి సర్దుకుంటుంది.  గుడ్డికన్నా మెల్ల నయం అనుకుంటాను.

తన్మయి పట్టుపరికిణీతో నా ఒళ్ళో కూర్చుంటుంది. పళ్ళెంలో బియ్యం. పురోహితుడు "ఓం నమః శివాయ అని దిద్దించండి బాబూ" అంటాడు. ఆ చెయ్యి పిల్ల చేతిని గట్టిగా పట్టుకుని, గబగబా రాయిస్తుంది. "పరిశీలించి తగు చర్య నిమిత్తం."

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి" అంటాడు పురోహితుడు.

తన్మయికి కితకితలు పెట్టినట్టుంది, నవ్వుతోంది. అంతలో ఆ చెయ్యి నా చొక్కాలోంచి జారుతుంది. దానితోపాటు పిల్ల చెయ్యి కూడా, తొడిమ నుంచి మల్లెమొగ్గ వచ్చినట్టు, మణికట్టు దగ్గర ఊడి వచ్చేస్తుంది. బొట్టు రక్తం రాదు. పెద్దచెయ్యి చిన్నచేతి చిటికెనవేలు పట్టుకుంటుంది. రెండూ బియ్యం తొక్కుకుంటూ గడప దాటుతాయి.

"ఆపండీ! అయ్యో, ఆపండీ!" అని హైమ గుండెలు బాదుకుంటుంది.

ఆపడానికి నాకున్నది ఎడమచెయ్యి ఒక్కటే. దాంతో పిల్లని పట్టుకున్నాను. వదిలితే పడిపోతుంది.

"నాన్నా, నా చెయ్యి ఆఫీసుకెళ్ళిందా?"

"అవునమ్మా."

"సాయంత్రం వచ్చేస్తుందా?"

"దాని బదులు ఇంకోటి వస్తే, వచ్చేస్తుంది తల్లీ."

గేటు దగ్గర మా ఆఫీసంతా వచ్చి నిలబడి ఉంది. జేబురుమాలంత శాలువా, గాజంత దండ తెచ్చారు. చిన్నచేతికి అవి వేసి చప్పట్లు కొడుతున్నారు. అందరి కుడి చొక్కాచేతులూ మడిచి పిన్నీసు పెట్టి ఉన్నాయి. ఒకరి ఎడమచేతిని పక్కవారి ఎడమచేతితో కొడుతున్నారు.

వరస చివర సత్తిరాజు గారికి జత దొరకలేదు. ఎడమచెయ్యి గాల్లోకి చాపి, మొహమాటంగా మావైపు చూస్తున్నారు. తన్మయి నా ఒళ్ళోంచి దిగి, వీధిలోకి నడిచివెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, తన ఎడమచేత్తో ఆయన చేతిని కొడుతుంది.