రెండు పనులకు ఒకే గొంతు

రవళి ఎనిమిదేళ్లుగా హార్డ్‌కోర్ పంక్ బ్యాండులో గొంతు చించుకుని పాడుతోంది. కాల్ సెంటర్లో అదే గొంతుతో కస్టమర్లను బుజ్జగిస్తోంది. పంజాగుట్ట డాక్టరు పరీక్ష చేసి, పది రోజులు నోరు మెదపొద్దన్నాడు.

"తరవాత కూడా రెండు పనులకీ ఈ గొంతు చాలదమ్మా. ఒకటి మానుకోవాలి."

"ఆ అరుపులు మానేస్తుందిలెండి డాక్టరు గారూ," అంది తల్లి జానకీదేవి.

తిరుగుదారిలో ఆటో అమీర్‌పేట చౌరస్తాలో ఇరుక్కుంది. అప్పుడే ఆఫీసు నుంచి టీమ్ లీడర్ కేదార్ ఫోన్ చేశాడు. రవళి మందుల చీటీ వెనక గబగబా రాసి, చదివి వినిపించమని సైగ చేస్తూ ఫోనుతో సహా తల్లి చేతిలో పెట్టింది.

"ఇక ఉద్యోగానికి రాను," అని చదివి జానకీదేవి గతుక్కుమంది. "ఇదేం పిచ్చే?"

రవళి రెండో వాక్యం మీద వేలు పెట్టి, తీయలేదు.

"పాట మానను," చదివింది తల్లి.

కేదార్ నవ్వాడు. "ఆ అరుపుల్ని పాటంటారా ఆంటీ?"

ఇంట్లో రోజూ తను అనే మాటే అది. పరాయివాడి నోట వినేసరికి జానకీదేవికి ఒళ్లు మండింది.

"అరుపులే నాయనా! నా కూతురు అరుస్తుంది. కావాలంటే టిక్కెట్టు కొనుక్కుని విను!"

ఆటోడ్రైవర్ వెనక్కి తిరిగి, "మస్తుగ చెప్పినవమ్మా!" అన్నాడు.

నవ్వు బయటికి రాకుండా రవళి రెండు చేతులతో నోరు మూసుకుంది.