మాట వినని క్రియలు

టైలరమ్మకి ఇంగ్లీషు క్లాసుకి వెళ్ళాలన్న సరదా ఏమీ లేదు. మొగుడు ఒక్కడే వెళ్ళడానికి సిగ్గుపడుతుంటే తోడు వెళ్ళింది, అంతే. అతను ఓ హోటల్లో వచ్చేపోయేవాళ్ళ సామాన్లు మోసేవాడు. ఇంగ్లీషు గడగడా మాట్లాడితే రిసెప్షన్‌లో కూర్చోబెడతానని మేనేజరు మాటిచ్చాడు. ఆమెది స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పని. సాయంత్రం మిషను దిగి, చీరకంటుకున్న దారప్పోగులు దులుపుకుంటూ వెళ్ళి అతని పక్కన బెంచీ మీద కూర్చునేది.

మొదట్లో బాగానే సాగింది. ఓ రోజు మాస్టారు బోర్డంతా నింపేసి, చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేర్చుకున్నవి బుద్ధిమంతులు. వెనకాల 'ఎడ్' తగిలిస్తే కిక్కురుమనకుండా నిన్నటిలోకి వెళ్ళిపోతాయి. ఇవి మాట వినని క్రియలు. దేని దారి దానిదే. బట్టీ కొట్టాల్సిందే."

మొగుడికి అక్కడ బండి ఆగిపోయింది. "గో అంటే వెళ్ళు. సరే. నిన్న వెళ్తే వెంట్ ఏంటండీ? మనిషి అదే, కాళ్ళు అవే, మాట మాత్రం మారిపోవాలా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

టైలరమ్మకి మాత్రం ఆ మాటలు కత్తెరకి బట్ట తెగినట్టు తెగేవి. మాస్టారు బ్రింగ్ అనడం ఆలస్యం, బ్రాట్ అనేసేది. ఓసారి మొగుడు లేచి నిలబడి "టీచ్డ్" అన్నాడు. పక్కనుంచి ఆమె "టాట్" అంది. వెనక బెంచీలో ఎవరో "ఇంటర్వ్యూకి మీ ఆవిణ్ణి పంపించు గురూ!" అన్నారు. ఈసారి అతను నవ్వలేదు. ఇంటికొచ్చేటప్పుడు ముందు ముందు నడిచాడు. ఆమె పిలిచినా వెనక్కి తిరగలేదు.

మర్నాటి నుంచి ఆమెకి ఏమీ రాకుండా పోయింది. మాస్టారు అడిగితే తల గోక్కునేది. కొన్నాళ్ళకి "నా బుర్రకెక్కదండీ, మీరే వెళ్ళండి" అని మానేసింది. ఇంట్లో మాత్రం గుండీలు కుడుతూ పైకి చదివేది, కావాలని తప్పు చదివేది.

"క్యాచ్, క్యాచ్డ్..."

"క్యాచ్డ్ కాదే మొద్దూ, కాట్!" అనేవాడు హుషారుగా. ఆమె తప్పు దిద్దుతూ దిద్దుతూ అతను నేర్చుకున్నాడు. అత్తగారు బఠాణీలు ఒలుస్తూ, "ఈట్, ఏట్, ఈటెన్ అట! తినడానికి కూడా ఇన్ని తిప్పలా!" అని నవ్వేది. టైలరమ్మ జీవితంలో అంత సుఖంగా గడిచిన సాయంత్రాలు మరి లేవు.

అతనికి ఉద్యోగం వచ్చింది. కొత్త బూట్లొచ్చాయి. ఫోనులో ఇంగ్లీషు మాట్లాడుతూ ఇల్లంతా తిరిగేవాడు. ఓ ఆదివారం పొద్దున ఆమె హాల్లో నేల మీద బట్ట పరిచి కత్తిరిస్తోంది. అతను కిటికీ దగ్గర నిలబడి, గొంతైనా తగ్గించకుండా మాట్లాడుతున్నాడు.

"ఐ ఫౌండ్ ఎ హౌస్."

ఫైండ్, ఫౌండ్. తప్పు పోలేదు. ఆమెకి లోలోపల మురిపెంగా అనిపించింది. ఆ తర్వాత అర్థం తలకెక్కింది. ఇల్లు దొరికిందంటున్నాడు. ఎవరికి ఇల్లు? అమ్మ మనతోనే ఉంటుందంటున్నాడు. అవతలామెను బంగారూ అంటున్నాడు, రేపు హోటల్లో డ్యూటీ దగ్గర కలుద్దామంటున్నాడు. కత్తెర బట్ట మధ్యలో ఆగిపోయింది.

"నో, నో. ఐ హావ్ నాట్ స్పోక్ టు హర్."

"స్పోకెన్," అందామె.

అనాలని అనలేదు. నోట్లోంచి జారిపోయింది. అతను ఫోను దించాడు.

"నీకు... ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చు."

"ఎప్పట్నించి?"

"క్లాసులో ఉన్నప్పట్నించీ. మీరు చిన్నబుచ్చుకుంటున్నారని దాచాను."

అతని మొహం కందగడ్డలా అయింది. "అంటే ఇన్నాళ్ళూ నాటకమాడావా? కట్టుకున్నవాణ్ణి వెధవని చేస్తావా? నిన్నెలా నమ్మమంటావు?" అని అరిచాడు. అంత దుఃఖంలోనూ ఆమెకి ఆశ్చర్యం వేసింది. తప్పు తనది కాబోలు అని ఓ క్షణం నిజంగానే అనుకుంది.

అరుపులకి అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "ఏంట్రా గొడవ? ఫోనులో ఎవరితో ఏమన్నాడే అమ్మాయ్?"

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. చెప్పాల్సింది ఆమే అయింది.

"ఇల్లు దొరికిందట అత్తయ్యా."

"ఎవరికి?"

"ఆయనకీ, హోటల్లో పనిచేసే ఇంకొకావిడకీ. మిమ్మల్ని కూడా తీసుకెళ్తారట."

"మరి నువ్వు?"

"నా ఊసు లేదత్తయ్యా," అంటూ ఆమె కత్తిరించిన ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చసాగింది. పేర్చినవి చేతుల్లోంచి జారిపోతుంటే మళ్ళీ పేర్చింది. అప్పటికిగానీ ఏడుపు రాలేదు.

అత్తగారు కొడుకు చెంప ఛెళ్ళుమనిపించింది. తిట్టింది, ముద్ద ముట్టకుండా పడుకుంది. అయినా అతను సామాను సర్దుకునే రోజున తన పెట్టె కూడా కిందికి దించింది.

"ఉన్నది వాడొక్కడే కదమ్మా. పోయేటప్పుడు వాడి చేతుల్లో పోవాలి కదా," అని కోడలి చెయ్యి పట్టుకుని వెక్కిందావిడ. కాస్త తేరుకున్నాక, "ఆ ఇంగ్లీషు నీకు రాకపోయుంటే ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిచిపోయేది కదే," అంది.

ఆవిడది కోపం కాదు, ఇల్లు నిలిచేదేమోనన్న ఆశ. టైలరమ్మకి అది తెలుసు.

కారు బయల్దేరబోతుంటే అత్తగారి బీపీ మాత్రలు అలమరలోనే ఉండిపోయాయని టైలరమ్మకి గుర్తొచ్చింది. మెట్లు దిగి పరిగెత్తింది. కిటికీలోంచి మాత్రల సంచీ అందుకున్న మొగుడు, అందులో ఏది ఎప్పుడెయ్యాలో తెలియక అటూ ఇటూ తిప్పాడు.

"తెల్లవి పొద్దున తిన్నాక. పసుపువి పడుకునే ముందు. మింగలేరు, సగానికి విరిచివ్వాలి," అని చెప్పింది.

అతను సరేనన్నట్టు తలూపాడు గానీ కళ్ళెత్తలేదు. వెనక సీట్లో అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కారు మలుపు తిరిగిపోయాక కూడా టైలరమ్మ రోడ్డు మీదే నిలబడిపోయింది. వెనకాల ఎవరో హారన్ కొడితే పక్కకి జరిగింది.