దసరాకి పేరు మార్చిన కంప్యూటర్

ఆయుధపూజ నాడు పలాసలోని ఆ రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టారు.

"దీని పేరు ల్యాబ్‌వన్ ఏటి, జైలు నంబర్లాగ! అమ్మోరి పేరెట్టు" అన్నాడు యజమాని పోలారావు.

ఆపరేటర్ అశ్విని అప్పటికప్పుడు మిషన్ పేరు మార్చి, ఆపేసి, పూజలో పెట్టింది.

మూడోనాటి ఉదయం మిషన్ వేస్తే, పాత రిపోర్టులుండే ప్రోగ్రాం తెరుచుకోలేదు. మళ్ళీ వేసింది. అదే తీరు.

బల్లకవతల కంచిలి నుంచి వచ్చిన పెద్దతల్లి అనే ఆవిడ నిలబడి ఉంది. ఆమె భర్త గున్నయ్య కాళ్ళు వాచి, చెప్పులు పట్టక చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. విశాఖ డాక్టరు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు ఆర్నెల్లవీ తెమ్మన్నాడు. ఇంట్లో దాచిన కాగితాలు మొన్నటి గాలివానకి ముద్దయిపోయాయి. రైలు పదకొండుకి.

"అందులో ఉన్నాయి కదమ్మా?"

"ఉన్నాయి పిన్నీ." ఉన్నాయో, తన చేత్తోనే పోగొట్టిందో అశ్వినికే తెలీదు.

పోలారావు సెల్లుతో టెక్కలిలో ఉన్న యుగంధర్‌కి ఫోన్ చేసింది. మిషన్ బిగించింది అతనే.

"ఏటి మార్సేవు?"

"ఏటీ మార్సలేదు."

"మార్సకుండానే దెయ్యం పట్టిందేటి? సెప్పు."

పోలారావు వినకుండా గొంతు తగ్గించి చెప్పింది.

యుగంధర్ నవ్వలేదు. "ఆ ప్రోగ్రాం ముందు మిషన్ పేరుకి అడ్రసు అడుగుద్ది. దానికి జవాబు తెచ్చే సిస్టమ్ లైబ్రరీ తన ప్లగిన్లని, అంటే సాయం ముక్కల్ని, వరసగా అడుగుద్ది. మొదటిది హోస్ట్స్ ఫైలు, అంటే మిషన్లోనే ఉండే పేర్ల చిట్టా, సూత్తాది. అందులో పాత పేరే ఉంది. రెండోది నెట్లో అడుగుద్ది. నెట్ వచ్చే మీ టెలిఫోన్ లైను గాలివానకి పోయింది కదా, రాని జవాబు కోసం అలా కూకుంది. ఫైల్లో పాత పేరు పక్కన కొత్త పేరు రాయి."

"రిపోర్టులు?"

"ముందు రాయి."

రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి సరిగా రాసి, ప్రోగ్రాం తెరిచింది. తెరుచుకుంది. గున్నయ్య పేరు కొట్టి, ప్రింట్ ఇచ్చింది.

నెలకో కాగితంగా చేతికిచ్చినవన్నీ ఇప్పుడు ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి దిగాయి, ఒకటికి అటూఇటూ ఉండాల్సిన అంకెలు. రెండు. రెండున్నర. మూడున్నర. ఐదు. ఆరుంపావు. ఎనిమిది.

"దొరికేయా? బాగానే ఉన్నాయా అమ్మా?" పెద్దతల్లి ముఖం విప్పారింది.

అశ్విని కాగితం మడిచి కవర్లో పెట్టి, అంచు అంటించింది.

"డాక్టరుగారు సెప్తారు పిన్నీ. ఉండండి, ఆటో పిలుత్తాను" అంటూ, ఆమె ఇంకోమాట అడగకముందే గుమ్మం దాటింది.