ఎలీశమ్మ ఇంట్లో పొయ్యిల లెక్క

కొత్తపేట ఇంకా ద్రాక్షతోటల నడుమ ఒదిగిన పల్లెగానే ఉన్న రోజులవి. తెలంగాణ ఉద్యమపు వేడి చల్లారీ చల్లారని డెబ్బై ఒకటి మార్చిలో ఊళ్లోకి జనాభా లెక్కలు వచ్చాయి. రాసేవాడు త్రినాథరావు, గోదావరి వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని, ఊరి బడిలో పాఠాలు చెప్పే ఒంటరి పంతులు. అరవై తొమ్మిదిలో ఆయనను వెళ్లిపొమ్మని నినాదాలు చేసినవారే ఇప్పుడు మంచం వాల్చి కూర్చోబెట్టి, తమ పేరూ వయసూ చదువూ మతమూ ఓపికగా చెప్పుకుంటున్నారు.

గొల్లల వాడ, గౌండ్ల వాడ ముగించి ఆయన క్రైస్తవుల వాడకు వచ్చేసరికి, పొరుగింటి సారమ్మ అరుగు మీద ఎలీశమ్మ కూడా ఉంది.

"ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబమండీ. పొయ్యి వేరైతే, ఒకే కప్పు కింద ఉన్నా కుటుంబం వేరే," అన్నాడు పంతులు.

"ఒక్కపారి రాస్తే మల్ల ఎప్పుడు రాస్తరు సారూ?" ఎలీశమ్మ అడిగింది.

"మళ్లీ పదేళ్లకండీ."

ఆమె తన ఇంటివైపు చూసింది. క్రిస్మస్ దాటాక ఏదో మాటా మాటా పెరిగి, కోడలు రెబెక్క పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. వాడకు తెలిస్తే తెలిసింది, సర్కారు కూడా తన ఇంటిని రెండు ముక్కలుగా రాసుకుంటే ఎట్ల?

సారమ్మ నవ్వింది. "ఎన్ని పొయ్యిలంటే ఏం చెప్తవే? అబద్ధమాడితే పాస్టరయ్య ఊకుంటడా?"

ఎలీశమ్మ లేచి ఇంటిదారి పట్టింది. పెరట్లో కోడలు పప్పు వండుతోంది. 'నా పొయ్యికాడికి రా' అందామనుకుంది గానీ, అభిమానం అడ్డొచ్చింది. లోపలికి పోయి, తన పొయ్యి మీది కుండ దించి, చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద గుమ్మరించింది. ఇల్లంతా ఆవిరీ బూడిదా.

"ఏంది అత్తా, ఏమైంది?" దగ్గుతూ రెబెక్క పరుగెత్తుకొచ్చింది. తడిసిన పొయ్యిని చూసింది, అత్త ముఖం చూసింది. ఇంతలో వాకిట్లో పంతులు గొంతు వినిపించింది.

"మీ ఇంట్లో ఎన్ని పొయ్యిలమ్మా?"

ఎలీశమ్మ చేతిలోని ఖాళీ చెంబు కింద పెట్టింది.

"ఒక్కటే సారూ," అంది రెబెక్క. "పెరట్ల మండుతుంది, సూడుండ్రి."

"ఇంటిపెద్ద ఎవరండీ?"

"ఇంకెవరు, మా అత్తనే."

"నా కొడుకు సాలోమోను పేరు రాయుండ్రి," అంది ఎలీశమ్మ. అది కాదు, ఇది కాదని అత్తాకోడళ్లు వాదించుకుంటుంటే, పంతులు కలం పట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మరి మీ పొయ్యెక్కడ సారూ?" రెబెక్క అడిగింది.

"నాకు పొయ్యి లేదండీ. హోటల్లో తింటాను."

"అయితే మిమ్మల్ని ఎవల లెక్కల రాస్తరు?" ఎలీశమ్మ పీట వాల్చింది. "కూసోండ్రి. ఇయ్యాల మా పొయ్యి మీది బువ్వ తింటే మా ఇంటోళ్లయితరు. ఆంధ్రాయనను మా లెక్కల కలుపుకున్నరని ఊరోళ్లు కొట్లాటకొస్తే నేను చూస్కుంట."

పంతులు చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఎలీశమ్మ పెరట్లోకి నడిచి, కోడలి పొయ్యి ముందు చతికిలబడి, ఆరిపోతున్న కట్టెను లోపలికి ఎగదోసింది.

"జర మెల్లగ అత్తా, పప్పు మాడుతది."

"నాకు చెప్తున్నవా?" అంటూ ఆమె మంటను ఇంకాస్త ఊదింది.