ఆషాఢంలో ఉబ్బిన ఉయ్యాల బల్ల

మా ఆయనకి వదులుగా ఉన్న నట్టు కనబడితే చెయ్యి ఊరుకోదు. ముమ్మిడివరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకి ఆయనే మెకానిక్కు. ఒక్క నట్టు వదులై యంత్రం ఆగిందంటే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలిపోతుందట. ఆ భయంతోనే పెళ్ళైన మూడోరోజుకల్లా ఇంట్లో తలుపు గొళ్ళెం, కుక్కరు పిడి, నా కళ్ళజోడు వరసపెట్టి బిగించేశారు. పేరు వెంకటదుర్గ. మనిషి బంగారం. చేతిలో స్పానరు లేనప్పుడు ఇంకా బంగారం.

మా నాన్న తాతాజీ కొత్తపేటలో వడ్రంగి. నా పెళ్ళికి ఉయ్యాల బల్ల చేసి ఇచ్చారు. రెండడుగుల వెడల్పు, ఒకే పనస పలక, ఎక్కడా అతుకు లేదు. పదకొండేళ్ళు షెడ్డులో నీడన ఆరబెట్టి, ఎవరెంత అడిగినా ఇవ్వకుండా నాకోసం దాచిన పలక అది. దానికి పగులొస్తే నాన్న పైకేమీ అనరు, అన్నం మాత్రం సరిగ్గా తినరు. నా ప్రాణం ఆ బల్లమీదే ఉందని ముందే చెప్పేస్తున్నాను.

బల్ల కింద అడ్డంగా రెండు ఇనప పట్టీలు ఉంటాయి. గొలుసులు తగిలేది వాటికే. ఒక్కో పట్టీకి మూడు బోల్టులు. మధ్య బోల్టుకి పట్టీలో గుండ్రటి కన్నం, అటూ ఇటూ ఉన్నవాటికి మాత్రం పొడుగు కన్నాలు కోశారు నాన్న. ఎందుకంటే చెక్క వానాకాలంలో తేమ తాగి అడ్డంగా పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఇనుము దానితోపాటు పెరగదు. పలక పెరిగినప్పుడు బోల్టు పక్కకి జరగడానికి ఆ కన్నంలో ఖాళీ ఉండాలి, నట్టు కూడా మరీ బిగించకూడదు. వడ్రంగి కూతుర్ని, నాకిది ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు.

మా ఆయనకి తెలియదు. ఆ పొడుగు కన్నాలు చూసి, మామగారి డ్రిల్లు జారిందనుకున్నారు. ఆ మాట అంటే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని నోరు మెదపలేదు. నాన్నేమో, అల్లుడు మెకానిక్కు, ఆయనకి బోల్టు గురించి పాఠం చెబితే బాగుండదని నోరు మెదపలేదు. మర్యాదలో ఇద్దరికి ఇద్దరూ. కొత్త పెళ్ళికూతుర్ని, మబ్బుల్లో తేలుతున్నదాన్ని, నేనూ చెప్పలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒకే గడప దాటకూడదు కదా, నన్ను కొత్తపేట పంపేశారు. నెల్లాళ్ళు. పెళ్ళై నలభై రోజులైన దాన్ని అలా పంపేసే పద్ధతి ఎవరు పెట్టారోగాని, వాళ్ళు నా కంటబడకుండా ఉంటే మంచిది. రోజుకి పదిసార్లు వీడియో కాల్ చేసుకునేవాళ్ళం. బెంగతో ఆయన బక్కచిక్కారు, నేను అమ్మ చేతివంట తిని బెంగతోనే లావయ్యాను.

తొమ్మిదో రోజున ఆయన ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్ళి, నాకో కానుక చూపిస్తానన్నారు. నువ్వు ఊగుతుంటే పడిపోకూడదని ఉయ్యాల గట్టి చేశానన్నారు. పొడుగు కన్నాల్లో మిగిలిన ఖాళీల్లోకి ఇనప ముక్కలు కొట్టి, నట్లన్నీ బలంకొద్దీ బిగించారట. బయట నాలుగు రోజులుగా వదలని ముసురు. వెనక నుంచి మా అత్తగారు సూర్యావతిగారు, బల్లమీద బియ్యం పళ్ళెం పెడితే జారిపోతోందమ్మా అన్నారు. ఫోను బల్లకి దగ్గరగా పట్టమని చూశాను. మధ్యలో పలక పైకి ఉబ్బింది.

వెంటనే వదులు చెయ్యమన్నాను. ఆయ్ అన్నారు. మర్నాడు అడిగితే మళ్ళీ ఆయ్ అన్నారు. మా గోదావరివాళ్ళ ఆయ్‌కి విన్నామని అర్థమేగాని చేస్తామని కాదు. వదులు చేస్తే నేను పడిపోతానని ఆయన భయం. మూడో రోజున, రాత్రి బల్లలోంచి టక్కుమని చప్పుడొచ్చిందని అత్తగారు చెప్పారు. ఇక నాకు ముద్ద దిగలేదు.

నాన్నకి చెప్పలేను. చెబితే అల్లుడు తన పని దిద్దాడని తెలిసిపోతుంది. నాన్న పనిముట్ల బల్లమీంచి పదిహేడో నంబరు స్పానరు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, జాకెట్టు కుట్టడానికి ఇచ్చి వస్తానని అమ్మతో చెప్పి, అమలాపురంలో బస్సు మారి ముమ్మిడివరంలో దిగాను. బల్లకోసం వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను గాని, దారి పొడుగునా బస్సు అద్దంలో నా నవ్వు నాకే కనిపిస్తోంది.

నన్ను చూసి అత్తగారు గడపకి అవతల ఆగిపోయారు. నేను ఇవతల ఆగాను. ఇద్దరం గడపకేసి చూశాం. ఆవిడే తీర్పు చెప్పేశారు.

"వసారా గడపకి బయటే కదమ్మా. నువ్వు లోపలికి రాకు, నేను బయటికి రాను. కాఫీ కిటికీలోంచి ఇస్తాను."

కొంగు బిగించి, వెల్లకిలా పడుకుని బల్ల కిందకి దూరాను. పలక అడుగున అంచు దగ్గర వెంట్రుక వాసి గీత ఒకటి మొదలైంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. తుడుచుకుని, నట్లు ఒక్కోటీ పావు తిప్పు వదులు చేసుకుంటూ వచ్చాను. అంతలో మా ఆయన చెరువుల దగ్గర్నుంచి తడిసి ముద్దై వచ్చి, ఉయ్యాల కిందనుంచి బయటికున్న వెండి పట్టీల కాళ్ళు చూసి అక్కడే నిలబడిపోయారు.

"జ్యోతీ, నువ్వేనా?"

"నేను కాకపోతే ఇంకెవరి కాళ్ళండీ ఇవి? ఆ చివర ఇనప ముక్క లాగండి."

వంగి లాగారు. పలక పెద్దగా టప్పుమంది. కిటికీలో అత్తగారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే గీత గీతలాగే ఉంది, ఒక్క పిసరు పెరగలేదు. మా కళ్ళముందే బోల్టు తన ఖాళీలో బియ్యపు గింజంత పక్కకి జరిగింది. ఆయన పక్కనే నేలమీద పడుకుని దాన్ని చూశారు. ఇనుము జరిగిందనుకున్నారు ముందు. చెక్క పెరిగిందని చెబితే, నోరు తెరుచుకుని మళ్ళీ చూశారు. ఇద్దరం నేలమీద వెల్లకిలా పడుకుని, పిచ్చివాళ్ళలా నవ్వుకుంటూ మిగతా ముక్కలన్నీ లాగేశాం.

లేచేసరికి గేటు దగ్గర గొడుగుతో నాన్న. ఫోనులో బల్ల గొడవ చెవిన పడుతూనే ఉందట, స్పానరు కూడా కనబడకపోయేసరికి ఆయనకి విషయం అర్థమైపోయి వెనక బస్సెక్కేశారు. గొడుగు మడిచి వచ్చి, వంగి పలక అడుగు చూసి, ఆ గీతమీద బొటనవేలితో రెండుసార్లు రాశారు. మా ఆయన మొహం పాలిపోయింది.

"మీ డ్రిల్లు జారిందనుకున్నానండి మామయ్యగారూ. ఆ మాట అంటే బాధపడతారని నేనే సరిచేసేను."

నాన్న నడుం నిలబెట్టి ఆయనకేసి తిరిగారు.

"చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారని నేనూ ఊరుకున్నానండి బాబూ. గీత లోపలికి పోలేదు. కూచోండి ఇద్దరూ, బరువు పడితే ఎలా ఉందో చూడాలి."

మామగారి ఎదట పెళ్ళాం పక్కన కూర్చోవడానికి మా ఆయన చచ్చేంత సిగ్గుపడ్డారు. చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను. బల్ల కిర్రుమనకుండా ఊగింది. పన్నెండు రోజుల బెంగకి నవ్వాలో ఏడవాలో తెలియకుండా పోయింది. కొత్తపేట వెళ్ళాలంటే అయిదింటి బస్సు అందుకోవాలని నాకు తెలుసు. రోడ్డుమీద దాని హారను అప్పటికే వినబడుతోంది. నాన్నకీ వినబడింది. ఆయన మాకు వీపు పెట్టి, కిటికీలో అత్తగారి చేతి కాఫీ అందుకున్నారు.

"అమలాపురానికి ఏడింటికి ఇంకోటుందండి," అన్నారు, ఎవరూ అడక్కుండానే.