మావారి శ్రుతి

ఇడ్లీ పిండి గ్రైండర్‌లోంచి గిన్నెలోకి తోడుతూ చర్చి పాట ఒకటి అందుకున్నాను. గొంతు కాస్త పైకి లేచిందో లేదో, హాల్లోంచి మావారు రాబర్ట్ గారి మాట వినిపించింది. "ఏటే కృపా, గ్రైండర్ పాడైపోయిందేటి? అలగ కీసుమంటన్నాది!" పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు ఎలీసమ్మ ముసిముసిగా నవ్వారు. నేనూ నవ్వాను. నా గొంతు మీద జోకులకి మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. మనమే నవ్వేస్తే జోకు తొందరగా అయిపోతుంది.

ఆ రోజే విజయనగరం సంగీత కళాశాలలో నా మొదటి క్లాసు. అమ్మాయి ఇంటర్ చదువుకని హాస్టల్‌కి వెళ్ళిపోయాక, గాత్రం నేర్చుకుంటానని దరఖాస్తు పెట్టాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఆ మాట చెప్పుకోవాలి. వంట చేసేసి వెళ్ళమన్నారు. బట్టలు ఉతికి ఆరేసి వెళ్ళమన్నారు. అత్తగారి మందులు చేతికిచ్చి, సాయంత్రం టీ ఫ్లాస్కులో పోసి వెళ్ళమన్నారు. వెళ్ళొద్దని చెప్పడానికి ఇదో మర్యాదైన పద్ధతి. ఆయన మాత్రం ఒక షరతు కూడా పెట్టారు. "స్త్రీల ఆదివారం నాడు చర్చిలో సంఘం ముందు నువ్వొక్కద్దానివే పాడు. గొంతు పగిలిందనుకో, కాలేజీ మానేసి ఇంటికాడుండు. నలుగుర్లో నా పరువు తియ్యకు." ఏడాదికోసారి ఆరాధన మొత్తం ఆడవాళ్ళమే నడిపే రోజది. ఆ రోజు కూడా కీబోర్డు దగ్గర మాత్రం ఆయనే కూర్చుంటారు. నేను సరేనన్నాను. ఆ కాలేజీ మీద అంత ఆశ నాకు.

గజపతినగరంలో మధ్యాహ్నం బస్సెక్కి, చెమటలు కక్కుకుంటూ వెళ్ళి క్లాసులో అడుగుపెట్టాను. నరసన్నపేట పిల్ల నీలవేణి, మా అమ్మాయి ఈడుది, నన్ను చూసి టీచరనుకుని లేచి నిలబడింది. నేను వెళ్ళి దాని పక్కనే చాప మీద చతికిలబడితే పాపం సిగ్గుపడిపోయింది. ఈశ్వరి మేడం శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని ఒక్కొక్కళ్ళనీ అడుగుతున్నారు. "నీ శ్రుతి ఎంతమ్మా?"

నా వంతు వచ్చింది. "ఒకటండి" అన్నాను ధీమాగా. మావారు చర్చిలో ఎప్పుడూ వాయించేది అదే. పాటకి ఆధారంగా పట్టుకునే ఆ స్వరం ఎవరి గొంతును బట్టి వాళ్ళకి వేరుగా ఉంటుందని నాకెవరు చెప్పారు గనక? సూర్యుడొక్కడే ఉన్నట్టు శ్రుతీ ఒక్కటే ఉంటుందనుకున్నాను. పాడాను. పై షడ్జమం దగ్గరికి వెళ్ళేసరికి గొంతు ఫట్‌మని పగిలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వబోయాను.

మేడం నవ్వలేదు. పెట్టె మీది మరను నెమ్మదిగా తిప్పి, ఐదు దగ్గర ఆపారు. అంకె పెరిగింది గానీ స్వరం కిందికి దిగింది. "ఇప్పుడు పాడు."

అదే పాట పాడాను. ఈసారి ఎక్కడా గొంతు చించుకోలేదు, మెడ నరాలు బిగబట్టలేదు. పై షడ్జమం వచ్చింది, దాని పైదీ వచ్చింది. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం.

"నీ గొంతుకేం దోషం లేదమ్మా. ఇంతకుముందు పాడింది నీ శ్రుతి కాదు, అంతే. ఎవరిదది?"

"మావారిదండి" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఈసారి మనసారా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను కూడా.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఏళ్ళ తరబడి నా గొంతులో ఏదో తేడా ఉందనే నమ్మాను. మిరియాల కషాయాలు తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, దేవుడికి మొరపెట్టుకున్నాను. ఆయనకి నచ్చినంత ఉప్పే కూరలో వేసి, నాకు చప్పగా అనిపిస్తే నా నాలుకనే తిట్టుకున్నాను. ఆయనకి కావలసినంత స్పీడులోనే ఫ్యాను పెట్టి, చెమట పడితే నా ఒంటినే తిట్టుకున్నాను. ఒక్క మర తిప్పితే పోయేదానికి ఇంత బతుకా! కోపం కూడా వచ్చింది. కానీ ఆ పూట కోపం కన్నా హాయే ఎక్కువ.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను. "స్త్రీల ఆదివారం నాడు ఐదులో వాయిస్తారా?"

ఆయన ముద్ద కలపడం ఆపారు. "ఐదేటి, ఆరేటి? నాకొచ్చింది తెల్ల మెట్లే. మా అయ్య హార్మోనీ మీద నేర్పినకాడినుంచి ఇందులోనే వాయిస్తన్నాను. ఐదులో నల్ల మెట్టు తగులుతాది, నా సెయ్యి తడబడతాది. సంఘమంతా పాడతన్నాది కదా, నీ ఒక్కద్దానికే వచ్చిందేటి కష్టం?"

నల్ల మెట్లు రాని ఒక్క మనిషి కోసం ఊరంతా గొంతులు చించుకుంటున్నామా అని నోటిదాకా వచ్చింది. ఆయన కంచంలో మజ్జిగ పోశాను.

స్త్రీల ఆదివారం వచ్చింది. మైకు ముందు నిలబడ్డాను. ఆయన యథాప్రకారం తన శ్రుతి అందుకున్నారు. ఇక్కడ గొంతు పగిలితే రేపటి నుంచి బస్సు లేదు, చాప లేదు, మేడం లేరు. "ఆపండి" అన్నాను. మైకులో అన్నానేమో, చర్చంతా మోగింది. ఆయన చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. నీలవేణి నా ఫోన్‌లో పెట్టిచ్చిన తంబురా శ్రుతిని ఐదుకి పెట్టి, మైకు పక్కన ఆనించి పాట మొదలుపెట్టాను.

మా సంఘంలో చరణం పైకి లేవగానే ఆడవాళ్ళు పాటల పుస్తకంలోకి తలదించుకుని పెదవులు మాత్రం ఆడిస్తారు. భక్తి అనుకునేదాన్ని. ఆ రోజు చరణం ఎత్తుకుంటే వెనక నుంచి ఒక గొంతు కలిసింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత బెంచీలన్నీ. అందరికన్నా పైన, వణుకుతూనే ఒక ముసలి గొంతు పై షడ్జమాన్ని పట్టుకుని వదల్లేదు. తిరిగి చూస్తే మా అత్తగారు.

ఆరాధన అయ్యాక ఆయన కీబోర్డుకి గుడ్డ కప్పుతూ నా వైపు చూడలేదు. అత్తగారు మాత్రం చర్చి గుమ్మం మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపారు. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు.

"నీ మావ హార్మోనీ పెట్టినకాడినుంచీ నా గొంతు పోయిందనుకున్నానే" అన్నారు. కొడుకుకి వినపడకుండా నా చెవి దగ్గరికి వంగారు.

"ఏటే, ఆ కాలేజీలో ముసలోళ్ళని కూడా సేర్సుకుంతారేటి?"